బోర్డు సరిగ్గా కనపడలేదంటే ఒప్పుకుంటారా? బ్రిటన్‌లో ప్రైవేట్ పార్కింగ్ ఛార్జీ వస్తే కట్టాలా, అప్పీల్ చేయాలా, కోర్టు దాకా ఆగాలా

మా ఊరి కుర్రాడొకడు ఇక్కడ ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు. మొన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, పోలీస్ ఫైన్ వచ్చింది. వంద పౌండ్లట. వీసాకి ఏమన్నా అవుతుందా?"

ఫోటో పెట్టరా అన్నాను. పెట్టాడు. పైన పెద్దక్షరాల్లో పార్కింగ్ ఛార్జ్ నోటీస్ అని ఉంది. కింద కారు లోపలికి వచ్చిన టైమ్, బయటికి వెళ్ళిన టైమ్, రెండు నంబర్ ప్లేట్ ఫోటోలు, 14 రోజుల్లో కడితే 60 పౌండ్లేనన్న మాట. పోలీసులకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అది ఒక ప్రైవేట్ కంపెనీ పంపిన బిల్లు. కౌన్సిల్ వేసే జరిమానా లాగా కనిపించేలా తయారుచేస్తారంతే. కౌన్సిల్ వేసేది పెనాల్టీ ఛార్జ్ నోటీస్, వీళ్ళు పంపేది పార్కింగ్ ఛార్జ్ నోటీస్. పొట్టిగా రాస్తే రెండూ పీసీఎన్‌లే. కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడే పడిపోతారు.

కౌన్సిల్‌ది అయితే దారి వేరు. 14 రోజుల్లో కడితే సగం, లేదంటే కౌన్సిల్‌కి అభ్యంతరం రాసి ట్రిబ్యునల్‌కి వెళ్ళడం. దాని గురించి ఇక్కడ రాయడం లేదు. రైల్వే స్టేషన్లు, ఎయిర్‌పోర్టుల్లో బైలాలు, అంటే వాళ్ళ సొంత నిబంధనలు, అడ్డొస్తాయి కాబట్టి అవీ వేరే లెక్కే. స్కాట్లాండ్‌లో చట్టం వేరు. ఇక్కడ రాసేదంతా ఇంగ్లండ్, వేల్స్‌లో సూపర్‌మార్కెట్లు, రిటైల్ పార్కులు, జిమ్‌లు, అపార్ట్‌మెంట్ల దగ్గర ప్రైవేట్ కంపెనీలు వేసే ఛార్జీల గురించే.

వాళ్ళ వాదన మొత్తం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. "మా స్థలంలోకి వచ్చావు, మా బోర్డు మీద రాసిన షరతులకు ఒప్పుకున్నావు, తప్పావు, కట్టు." అంటే ఇది ఒప్పందం తాలూకు సివిల్ గొడవ. క్రైమ్ కాదు, క్రిమినల్ రికార్డు రాదు. ఒప్పందం ఎక్కడుందయ్యా అంటే బోర్డు మీద ఉంది. ఆ బోర్డు చదవడానికి వీల్లేకుండా ఉంటే ఒప్పుకోవడమన్న ప్రశ్నే రాదు. మీ బలం అక్కడ ఉంది. చాలామంది దాన్ని వదిలేసి "నేను రెండు గంటలు షాపింగ్ చేశాను, 200 ఖర్చు పెట్టాను, నాకెందుకు వేశారు" అని రాస్తారు. హైదరాబాద్‌లో 2018 నాటి జీవో ప్రకారం గంట లోపు మాల్ బిల్లు చూపిస్తే పార్కింగ్ ఫ్రీ కాబట్టి మనకు ఆ ఆలోచన రావడం సహజమే. ఇక్కడ పార్కింగ్ కంపెనీకి మీ బిల్లుతో పని లేదు. షాపు వాళ్ళకు ఉంటుంది, ఆ సంగతి తర్వాత.

నా లెక్క ప్రకారం ఏ దారి ఎంచుకోవాలన్నది మీకు ఎంత మండిందన్న దాన్ని బట్టి కాదు, మీ దగ్గర బోర్డు ఫోటోలు ఏమున్నాయన్న దాన్ని బట్టి తేలాలి. అందుకే ముందు బోర్డు సంగతి చూద్దాం.

కోర్టులు బోర్డుని ఎలా చూస్తాయి

అందరూ చెప్పుకునే కేసు బీవిస్ కేసు. చెమ్స్‌ఫర్డ్‌లోని రివర్‌సైడ్ రిటైల్ పార్కులో రెండు గంటలు ఉచితం. బీవిస్ అనే ఆయన అక్కడ కారు ఆపి 56 నిమిషాలు ఎక్కువ ఉన్నాడు. 85 పౌండ్లు వేశారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2015 నవంబర్‌లో తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి పార్కింగ్ కంపెనీ రిజెక్షన్ లెటర్లో ఆ కేసు పేరు ఉంటుంది, "చూశావా, సుప్రీంకోర్టే చెప్పింది" అన్నట్టు.

వాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది. అక్కడ దాదాపు ఇరవై బోర్డులున్నాయి. అవి పెద్దవిగా, కళ్ళకు కనపడేలా, చదవగలిగేలా ఉన్నాయని కోర్టులు గుర్తించాయి. 85 అన్న అంకె బోర్డు మీద కొట్టొచ్చినట్టు ఉంది. అంటే ఆ తీర్పు వాళ్ళ చేతిలో ఆయుధం ఎంతో, మీ చేతిలో కొలబద్ద కూడా అంతే. మీరు ఆపిన చోట బోర్డులు చెమ్స్‌ఫర్డ్ బోర్డుల్లా ఉన్నాయా, లేవా? లేకపోతే అదే రాయండి.

ఇంకోటి 2000 నాటిది, వైన్ కేసు. ఒంట్లో బాగాలేని ఒకావిడ కారు ఆపి దిగింది. గోడ మీద బోర్డు ఉంది. కానీ పక్కన ఆపిన పెద్ద బండి దానికి అడ్డంగా ఉంది. వచ్చేసరికి చక్రానికి క్లాంప్ వేసేశారు. బోర్డు ఆమె చూడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు కాదని అప్పీల్ కోర్టు తేల్చింది. మామూలుగా అందరికీ కనపడేలా బోర్డు ఉంటే "నేను చూడలేదు" అన్న మాట నిలవదని కూడా ఆ తీర్పులోనే అర్థమవుతుంది. ఆ కేసులో అడ్డం ఉంది, అందుకే గెలిచింది. ప్రైవేట్ స్థలాల్లో క్లాంప్ వేయడం 2012 అక్టోబర్ నుంచి నిషేధం. ఆ నిషేధం తెచ్చిన ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టమే, డ్రైవర్ ఎవరో తెలియకపోతే కారు ఎవరి పేరున ఉందో వాళ్ళని అడగొచ్చన్న హక్కు కంపెనీలకిచ్చింది. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చినట్టు.

దీనికి తోడు 2015 కన్స్యూమర్ రైట్స్ చట్టం ఉంది. షరతు స్పష్టంగా ఉండాలి. రెండు అర్థాలు వచ్చేలా ఉంటే వినియోగదారుడికి అనుకూలమైన అర్థమే తీసుకోవాలి. 69వ సెక్షన్. ఒకే స్థలంలో రెండు బోర్డులు రెండు రకాలుగా చెప్తుంటే ఇది చాలా పనికొస్తుంది. నాకు పనికొచ్చింది.

మా ఇంటి కథ

డిసెంబర్, సాయంత్రం అయిదున్నర, వర్షం. పిల్లదానికి బూట్లు కొనాలని ఒక రిటైల్ పార్కుకి వెళ్ళాం. రద్దీ రోడ్డు మీద నుంచి కుడివైపు తిరిగి లోపలికి పోవాలి. ఎదురొచ్చే బళ్ళ మధ్య సందు చూసుకుని దూరడమే సరిపోయింది. ఎడమవైపు దీపస్తంభానికి బోర్డుంది. మూడు గంటలు ఉచితం అని పైన పెద్దగా కనిపించింది. రెండు గంటల పది నిమిషాలు ఉన్నాం. వారం తర్వాత వంద పౌండ్ల లెటర్.

అర్థం కాక మళ్ళీ అదే టైమ్‌కి వెళ్ళాను. మూడు గంటలు ఆ మూలనున్న ఒక షాపు ముందున్న వరసలకే. మేం ఆపిన వైపు జిమ్ గోడ మీద ఇంకో బోర్డు, 90 నిమిషాలు అని. రెండిటికీ మధ్య గీత లేదు, గొలుసు లేదు, రంగు తేడా లేదు. ఆ గోడ బోర్డు నా తల కంటే ఎత్తులో ఉంది, పైన లైటు లేదు. వంద పౌండ్లు అన్న మాట కింది నుంచి రెండో వరుసలో, చుట్టూ ఉన్న మాటలంత సైజులోనే ఉంది. ఆ అంకె నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. చెయ్యి పైకెత్తి దాని పక్కన స్కేలు పెట్టి నిలబడ్డాను. "ఇంత చలిలో ఇదేం పని మహానుభావా" అంటూనే మా ఆవిడ ఫోటో తీసింది. ఎనిమిది మిల్లీమీటర్లు.

ఆ స్కేలు ఫోటోయే కేసు గెలిపించిందని నా నమ్మకం. అందుకే ఫోటోల విషయంలో కొంచెం విసిగిస్తాను, ఓర్చుకోండి. మీరు ఏ టైమ్‌లో వెళ్ళారో అదే టైమ్‌లో తీయాలి. రాత్రి జరిగిన దానికి పగటి ఫోటో తీసుకెళ్తే మీరే వాళ్ళకి సాయం చేసినట్టు. లోపలికి వస్తుంటే డ్రైవర్ సీట్లోంచి ఏం కనపడుతుందో పక్కన కూర్చున్నవాళ్ళు వీడియో తీయాలి. కారు ఆపిన చోట నిలబడి చుట్టూ ఒక వీడియో. ఆ చోటు నుంచి దగ్గర్లో ఉన్న బోర్డుకి ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టండి. చెట్టు కొమ్మ, వ్యాన్, చెత్త డబ్బా, ఏది అడ్డముంటే అది. ఫోన్ కెమెరాలు చీకటిని కూడా వెలుగుగా చూపిస్తాయి, నైట్ మోడ్ ఆపేసి తీయండి. లెటర్ వచ్చిన వారంలోనే చేయండి. బోర్డులు మారిపోతాయి. ఎందుకంటే పార్కింగ్ కంపెనీల సంఘాలు రెండూ కలిసి తెచ్చిన ఉమ్మడి కోడ్, అంటే నియమావళి, 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, పాత స్థలాల్లో బోర్డులు మార్చుకోవడానికి 2026 ఆఖరు దాకా గడువిచ్చారు. మీరు ఆపిన రోజున్న బోర్డు నెల తర్వాత ఉండకపోవచ్చు.

అదే కోడ్‌లో ఇంకో రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. లోపలికి వచ్చాక బోర్డు చదివి, ఉండాలా పోవాలా అని తేల్చుకోవడానికి సాధారణంగా కనీసం 5 నిమిషాలు ఇవ్వాలి. కట్టిన టైమ్ లేదా ఉచిత టైమ్ అయిపోయాక వెళ్ళిపోవడానికి 10 నిమిషాలు. గేటు దగ్గర కెమెరా పట్టేది మీరు లోపలికి వచ్చిన టైమ్, వెళ్ళిన టైమ్ మాత్రమే. పార్క్ చేసి ఉన్న టైమ్ కాదు. శనివారం మధ్యాహ్నం ఖాళీ కోసం పావుగంట తిరిగితే అదీ మీ లెక్కలోనే పడుతుంది.

ఇప్పుడు దారులు

మొదటిది, 60 కట్టేయడం. దీన్ని చిన్నచూపు చూడకండి. కట్టిన మరుక్షణం విషయం అయిపోతుంది. అప్పీల్ హక్కు కూడా అయిపోతుంది, కట్టాక వెనక్కి రాదు. బోర్డు బాగానే ఉండి మీరే మర్చిపోయి గంటసేపు ఎక్కువ ఉంటే, లేదా అదే చోట అంతకుముందు యాప్‌లో డబ్బు కట్టిన రికార్డు ఉంటే, కట్టడమే తెలివి. మా ఫ్రెండ్ ఒకాయన ఇలాగే ఓడిపోయాడు. బోర్డు కనపడలేదని నాలుగు పేజీలు రాశాడు. కంపెనీ వాళ్ళు ఒకే ఒక కాగితం పెట్టారు: ఆ నెలలోనే రెండుసార్లు ఆయన అదే బోర్డు మీది కోడ్ కొట్టి డబ్బు కట్టినట్టు. ఇంకేం చెప్తాడు. రెంటల్ కారు, ఆఫీస్ లీజు కారు అయితే కూడా త్వరగా కదలాలి. లీజు కంపెనీ తనే కట్టేసి, పైన తన అడ్మిన్ ఫీజు కలిపి మీ దగ్గర వసూలు చేసే ప్రమాదం ఉంది. మేమే చూసుకుంటాం, మా పేరు వాళ్ళకి ఇవ్వండి అని ముందే వాళ్ళకి మెయిల్ పెట్టండి.

రెండోది, షాపు వాళ్ళని అడగడం. మీరు నిజంగా ఆ షాపులో కొన్నవాళ్ళయితే నేనైతే ముందు ఇదే చేస్తాను. ఖర్చు లేదు, కానీ గడువు ఆగదు కాబట్టి మిగతా దారులతో పాటే నడపాలి. బిల్లు, లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లైను, నోటీసు కాపీ పట్టుకుని మేనేజర్‌ని కలవండి. సూపర్‌మార్కెట్ అయితే హెడ్ ఆఫీస్ కస్టమర్ సర్వీస్‌కి కూడా రాయండి. మర్యాదగా అడగాలి. "మీ కస్టమర్‌ని, బోర్డులు గందరగోళంగా ఉన్నాయి, క్యాన్సిల్ చేయించగలరా" అంటే చాలు. పార్కింగ్ కంపెనీని తీసుకొచ్చింది వాళ్ళే లేదా వాళ్ళ ల్యాండ్‌లార్డ్, కాబట్టి వాళ్ళ మాట చెల్లుతుంది. పెద్ద రిటైల్ పార్కుల్లో మాత్రం "అది మా చేతుల్లో లేదు, మేనేజింగ్ ఏజెంట్‌ని అడగండి" అంటారు. నాకు అదే జవాబొచ్చింది. ఆ ఏజెంట్ పేరు చాలా చోట్ల అక్కడే ఏదో ఒక బోర్డు మీద ఉంటుంది.

మూడోది, కంపెనీకే అప్పీల్. 28 రోజుల్లో వాళ్ళ వెబ్‌సైట్‌లోనే పెట్టొచ్చు. డిస్కౌంట్ పోతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. మొదటి 14 రోజుల్లోనే పెడితే, రిజెక్ట్ చేసినా మామూలుగా ఆ 60 మళ్ళీ ఇంకో 14 రోజులు ఇస్తారు. కాబట్టి లెటర్ వచ్చిన మొదటి వారంలో అప్పీల్ పెట్టడం వల్ల పోయేదేమీ లేదు. నిజం చెప్పాలంటే ఇక్కడ గెలుస్తామన్న ఆశ పెట్టుకోకండి. "మీ అప్పీల్ జాగ్రత్తగా పరిశీలించాం, సైట్‌లో సరిపడా బోర్డులున్నాయి" అని అందరికీ పంపే లెటరే పంపుతారు. నా రెండు బోర్డుల గురించి ఒక్క అక్షరం లేదు అందులో. అయినా ఈ మెట్టు ఎక్కితేనే పై మెట్టు దొరుకుతుంది.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. డ్రైవర్ ఎవరన్నది మీరు చెప్పాల్సిన పని లేదు. "నేను ఈ కారు రిజిస్టర్డ్ కీపర్‌ని" అని మొదలుపెట్టండి. "నేను కారు ఆపి లోపలికి వెళ్ళాను" అని రాయకండి. "డ్రైవర్‌కి కనపడే చోట బోర్డు లేదు" అని రాయండి. కారణముంది. విండ్‌స్క్రీన్ మీద ఏమీ అంటించకుండా కెమెరా ఫోటో మీదే వచ్చిన నోటీసు అయితే, పార్క్ చేసిన మర్నాటి నుంచి లెక్కేసి 14 రోజుల్లోపు మీ ఇంటికి చేరాలి. పోస్ట్ చేసిన రెండో వర్కింగ్ డేకి చేరినట్టు లెక్క. ఆ గడువు దాటినా, చట్టం చెప్పిన మాటలు అందులో లేకపోయినా, కీపర్‌ని అడిగే హక్కు వాళ్ళకి పోతుంది. డ్రైవర్‌నే అడగాలి. డ్రైవర్ నేనేనని మీరే రాసిచ్చేస్తే ఈ పాయింట్ పోయినట్టే. అబద్ధం మాత్రం ఎక్కడా రాయొద్దు. చెప్పకుండా ఉండటం వేరు, వేరేవాళ్ళ పేరు చెప్పడం వేరు.

నాలుగోది, బయటివాళ్ళ దగ్గర అప్పీల్. ఇక్కడ మీకు ఎంపిక లేదు, కంపెనీ ఏ సంఘంలో ఉంటే అక్కడికే వెళ్ళాలి. బీపీఏ (బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్) సంఘం వాళ్ళయితే పోప్లా అనే అప్పీల్ సంస్థ. రెండో సంఘం ఐపీసీ (ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ) వాళ్ళయితే ఐఏఎస్ (ఇండిపెండెంట్ అప్పీల్స్ సర్వీస్). ఐపీసీ అంటే శిక్షాస్మృతి, ఐఏఎస్ అంటే కలెక్టర్ అనుకునే మనకి ఇదో తమాషా, ఇక్కడ రెండూ పార్కింగ్ వాళ్ళ కార్ఖానాలే. నోటీసు వెనకాల లోగో ఉంటుంది, చూసుకోండి.

పోప్లా ఉచితం. రిజెక్షన్ లెటర్లో వచ్చిన కోడ్‌తో 28 రోజుల్లో పెట్టాలి. మీరు గెలిస్తే కంపెనీ దానికి కట్టుబడాలి, మీరు ఓడితే మీరు కట్టుబడక్కర్లేదు, కోర్టులో మళ్ళీ వాదించుకోవచ్చు. పోయేదల్లా 60 డిస్కౌంట్. అంటే మీ పందెం 40 పౌండ్లు. ఫోటోలు గట్టిగా ఉంటే నేను ఆ పందెం కాస్తాను. కంపెనీ తన సాక్ష్యాల ఫైల్ పెట్టాక మీకు దాని మీద కామెంట్ రాయడానికి 7 రోజులిస్తారు. చాలామంది దీన్ని వదిలేస్తారు. నా కేసులో వాళ్ళు పెట్టిన బోర్డు ఫోటోల్లో ఎండ కాస్తోంది, చెట్ల నిండా ఆకులున్నాయి. డిసెంబర్ చీకట్లో జరిగిన దానికి వేసవి ఫోటోలా అని రాశాను. గోడ మీది బోర్డుని ఫోటో తీయకుండా, ప్రింటింగ్ ప్రెస్‌కి పంపిన డిజైన్ బొమ్మని పెట్టారని కూడా రాశాను. స్క్రీన్ మీద ఎవరైనా ఎంత పెద్దదిగా అయినా చూపించొచ్చు. గెలిచాను.

ఐఏఎస్ గురించి అంత ఉత్సాహంగా చెప్పలేను. ఇదీ ఉచితమే, ఇక్కడా ఓడితే మీరు కట్టుబడక్కర్లేదు. కానీ తీర్పు చెప్పేవాళ్ళ పేరు బయటికి రాదు, వాహనదారుల్లో దాని మీద నమ్మకం తక్కువ. బోర్డులో తప్పు కళ్ళకు కట్టినట్టు ఉంటే, అంటే రెండు బోర్డులు రెండు మాటలు చెప్తున్నా, గేటు దగ్గర బోర్డే లేకపోయినా పెట్టండి. "అక్షరాలు చిన్నవి" అన్న స్థాయి వాదన అయితే, 60 కట్టడమా, కోర్టులో జడ్జికి చెప్పడమా అన్నది ముందే తేల్చుకోండి.

అయిదోది ఆ కోర్టు. దీని గురించే ఎక్కువ భయం, అసలు సంగతి తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. వంద కట్టకపోతే మొదట వసూళ్ళ కంపెనీ లెటర్లు వస్తాయి, ఎర్రక్షరాలతో. వంద కాస్తా 170 అవుతుంది. వాళ్ళు బెయిలిఫ్‌లు కారు, ఇంటికొచ్చి టీవీ పట్టుకెళ్ళే అధికారం లేదు. తర్వాత లెటర్ బిఫోర్ క్లెయిమ్ అని, దావా వేసే ముందు పంపే హెచ్చరిక ఒకటొస్తుంది, దానికి 30 రోజుల్లో జవాబు రాయాలి. ఆ తర్వాత నిజమైన కోర్టు కాగితం వస్తుంది. దావా ఫీజు 35, లాయర్ ఖర్చు 50, వడ్డీ కలిపి మొత్తం 260 పౌండ్ల చుట్టూ అడుగుతారు. పైన వేసిన ఆ 70ని కొందరు జడ్జిలు ఒప్పుకోరు. చిన్న మొత్తాల దావా (స్మాల్ క్లెయిమ్స్) కాబట్టి ఓడినా అవతలి లాయర్ ఫీజులు వేలల్లో మీ నెత్తిన పడవు. తీర్పు వచ్చిన నెల లోపు మొత్తం కట్టేస్తే ఆ తీర్పు, అంటే సీసీజే, రికార్డులో ఉండదు. నెల దాటితేనే ఆరేళ్ళు ఉంటుంది, మార్ట్‌గేజ్ దగ్గర అడ్డం పడుతుంది. "కోర్టుకెళ్ళి ఓడితే క్రెడిట్ స్కోర్ పోతుంది" అని మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలో తప్పు అదే. ఓడినందుకు పోదు, ఓడాక కట్టనందుకు పోతుంది.

కోర్టు కాగితం వచ్చాక గడువులు మాత్రం గట్టివి. కాగితం మీద తేదీకి 5 రోజులు కలపండి, అది అందినట్టు లెక్క. అక్కడి నుంచి 14 రోజుల్లో అందిందని ఆన్‌లైన్‌లో చెప్పాలి. అలా చెప్తే జవాబు రాయడానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. ఈ దారి ఎవరికంటే, ఫోటోలు గట్టిగా ఉండి, ఏడాది పాటు ఒక ఫైల్ భద్రంగా దాచుకోగలిగి, జడ్జి ముందు పది నిమిషాలు తడబడకుండా మాట్లాడగలిగేవాళ్ళకి. ఇంగ్లీష్ యాస గురించి బెంగ పెట్టుకోకండి, వాళ్ళు రోజూ రకరకాల యాసలు వింటారు.

ఇక చాలామంది ఎంచుకునే దారి, లెటర్లు చించి పారేయడం. 2012కి ముందు డ్రైవర్ ఎవరో నిరూపించాల్సి వచ్చేది కాబట్టి అప్పట్లో ఇది చెల్లింది. ఆ రోజుల్లో ఇక్కడికొచ్చిన పెద్దవాళ్ళు ఇప్పటికీ "ఏం కాదు, పడేయ్" అంటారు. వినకండి. ముఖ్యంగా మనవాళ్ళకి ఇది ప్రమాదం, ఎందుకంటే మనం ఇళ్ళు మారినంతగా ఎవరూ మారరు. యూనివర్సిటీ హాస్టల్, షేరింగ్ రూమ్, కొత్త ఉద్యోగం, కొత్త ఊరు. కంపెనీ 2.50 పౌండ్లు కట్టి, బళ్ళ రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏ దగ్గర మీ అడ్రస్ తీసుకుంటుంది. లాగ్‌బుక్‌లో (మన ఆర్సీ లాంటిది) పాత అడ్రస్ ఉంటే లెటర్లన్నీ అక్కడికే పోతాయి, కోర్టు కాగితం కూడా. మీకు తెలియకుండానే తీర్పు వచ్చేస్తుంది. దాన్ని రద్దు చేయించుకోవడానికి అప్లికేషన్ ఫీజే 300 పౌండ్లకు పైన. ఇల్లు మారిన రోజే లాగ్‌బుక్ అడ్రస్ మార్చుకోండి, లైసెన్స్ అడ్రస్ మారిస్తే ఇది దానంతటదే మారదు. ఇప్పటికే గొడవ నడుస్తుంటే కంపెనీకి, వసూళ్ళవాళ్ళకి కొత్త అడ్రస్ మెయిల్‌లో పంపి, ఆ మెయిల్ దాచుకోండి. ఆరేళ్ళ లోపు ఎప్పుడైనా దావా వేయొచ్చు వాళ్ళు.

ఇండియాకి తిరిగి వెళ్ళిపోతున్నవాళ్ళు అడుగుతుంటారు, మరి మాకు? మళ్ళీ వచ్చే ఆలోచన ఉంటే వెళ్ళేముందు తేల్చుకోండి, పోప్లా దాకా టైమ్ లేకపోతే 60 కట్టి విమానం ఎక్కండి.

అపార్ట్‌మెంట్ పార్కింగ్ కొంచెం వేరు, ఒక మాట చెప్పి వదిలేస్తాను. "పర్మిట్ ఉన్నవాళ్ళకే" అని మాత్రమే ఉన్న బోర్డు మీకు ఏ అవకాశమూ ఇవ్వడం లేదు, వద్దంటోంది. వద్దన్న దానిలో ఒప్పందం ఎక్కడుందని కౌంటీ కోర్టుల్లో వాదించి గెలిచినవాళ్ళున్నారు. అన్ని కోర్టులూ ఒకేలా చెప్పలేదు. మీరు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళే అయితే బోర్డు కంటే ముందు మీ అద్దె అగ్రిమెంట్‌లో పార్కింగ్ గురించి ఏం రాసుందో చూడండి, అక్కడ హక్కు ఉంటే అదే పెద్ద ఆయుధం.

మళ్ళీ మా కుర్రాడి దగ్గరికి. ఆ రాత్రే రూమ్మేట్‌ని వెంటబెట్టుకుని వెళ్ళి ఫోటోలు తీయరా అన్నాను. పదిన్నరకి పంపాడు. గేటు దగ్గర నిలువెత్తు పసుపు బోర్డు, పైన లైటు. కారు ఆపిన స్తంభానికే ఇంకోటి, వంద అన్న అంకె అరచేయంత. లోపల నాలుగు చోట్ల టికెట్ మెషీన్లు. గంటకి కట్టి మూడు గంటలు ఉన్నాడు.

"ఏమంటావన్నా, బోర్డు కనపడలేదని రాద్దామా?" అన్నాడు.

నాకే కనపడుతోంది కదరా ఇక్కడి నుంచి, అన్నాను. నవ్వాడు. పదకొండింటికి 60 కట్టిన రసీదు స్క్రీన్‌షాట్ పంపాడు, కింద లాగ్‌బుక్ అడ్రస్ ఎక్కడ మార్చాలో లింక్ పెట్టమని అడుగుతూ.